నిజమైన బటన్

"ఇకమీదట మన రోగుల్లో ఏ ఒక్కరూ క్యూలో నిలబడరు. వాళ్ల బదులు కంప్యూటర్ నిలబడుతుంది!" అని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించిన రోజున సభలో చప్పట్లు ఆగలేదు. ఆగకుండా చూసే బాధ్యతను పి.ఎ.గారు స్వయంగా నెత్తిన వేసుకున్నారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఆపరేషన్ కోసం ఎదురుచూసేవాళ్ల వివరాలన్నీ ఉండే డేటాబేస్ సర్వర్‌ని ఆ రోజు కొత్త వెర్షన్‌కి అప్‌గ్రేడ్ చేశారు. ఇలాంటి పని మామూలుగా ఏ సెలవురోజో ఇద్దరు మనుషులు కూర్చుని, ఎవరికీ తెలియకుండా ముగించేస్తారు. కానీ ఎవరికీ తెలియకుండా మంచి చేయడం మంత్రిగారి స్వభావానికే విరుద్ధం. అందుకని వేదిక వేయించారు, రిబ్బను కట్టించారు, వేదిక నడిమధ్యన పాలరాతి దిమ్మ మీద అరచేయంత ఎర్ర బటన్ పెట్టించారు.

ఆ బటన్ గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. అంతకుముందు ఏదో ప్రారంభోత్సవంలో మంత్రిగారు ఇంకా చెయ్యి చాపుతుండగానే దీపాలన్నీ భగ్గున వెలిగిపోయాయి. తెర వెనకవాడు తొందరపడ్డాడు. ఆ వీడియో చూసి ఇంటింటా పడీ పడీ నవ్వారు. మంత్రిగారు ఆ అవమానాన్ని దిగమింగి, ఈసారి ఖచ్చితమైన ఆదేశం ఇచ్చారు. బటన్ నిజమైనదై ఉండాలి, తాను నొక్కితేనే సర్వర్ లేవాలి అన్నారు.

డెకరేషన్ కాంట్రాక్టరు ఏళ్ల తరబడి మంత్రులకి బటన్లు పెడుతున్న అనుభవజ్ఞుడు. వాటిని దేనికైనా కలపమని అతన్ని ఎవరూ అడిగిన పాపాన పోలేదు. "నిజంగానా సార్?" అని మళ్లీ మళ్లీ అడిగి ఖాయం చేసుకున్నాక, సర్వర్‌కి కరెంటు వచ్చే దారిలో ఒక ఇనప డబ్బా బిగించి, అక్కణ్నుంచి వేదిక దాకా తీగ లాగాడు. డబ్బా మీద 'మంత్రిగారిది, ముట్టుకోరాదు' అని కాగితం అంటించాడు. మంత్రిగారు బటన్ నొక్కారు. సర్వర్ లేచింది. ఆ క్షణంలో ఆయన మొహం చూసినవాళ్లు, తొలిసారి సొంతంగా చొక్కా గుండీ పెట్టుకున్న పిల్లవాడి మొహం గుర్తొచ్చిందన్నారు.

ఆ సర్వర్ బాగోగులు చూసే డేటాబేస్ ఇంజనీరుని ఆఫీసులో అందరూ ఇంజనీరమ్మ అంటారు. ఆమె నెమ్మదస్తురాలు, మాట తక్కువ. మంత్రుల బటన్లన్నీ ఉత్తుత్తివేనని ఆమె నమ్మకం. ఆ డబ్బా ఏమిటని అడిగితే, స్టేజీ లైట్లదనీ, ఫంక్షనయ్యాక తీసేస్తారనీ పి.ఎ.గారు చెప్పారు. తీసేయలేదు. ఎందుకంటే బటన్ మీద మమకారం తీరక, మంత్రిగారు దాన్ని పాలరాతి దిమ్మతో సహా తన చాంబర్‌కి తెప్పించుకున్నారు. తీగ పొడవు చాలకపోతే కాంట్రాక్టరు ఇంకో చుట్ట కలిపాడు.

ఇబ్బందులు ఆ మర్నాటి నుంచే మొదలయ్యాయి. కొత్త వెర్షన్‌కి మారాక చిన్నాచితకా ఎర్రర్లు రావడం మామూలే. పాత ప్రోగ్రాములు కొత్త సర్వర్‌తో కొంచెం బిగుసుకుంటాయి, కొన్ని సెట్టింగులు పేరు మార్చుకుంటాయి. వాటికి ఇంజనీరమ్మ భయపడే మనిషి కాదు. ఒక్కొక్కటీ సర్దింది. ఆమెకి అంతుపట్టనిది వేరే ఉంది. సర్వర్ చక్కగా పనిచేస్తూ పనిచేస్తూ, చెప్పాపెట్టకుండా చల్లబడిపోయేది. సర్వర్ తన పనులన్నీ రాసుకునే లాగ్ తీసి చూస్తే అందులో ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. సగం రాసిన వాక్యం దగ్గర ఆగిపోయి ఉండేది.

"నాకు కరెంటు మీద అనుమానంగా ఉంది. ఆ డబ్బా ఒకసారి విప్పి చూస్తాను," అందామె పి.ఎ.గారితో.

"మంత్రిగారిది అని రాసుంది, కనబడ్డంలేదా మేడమ్? అనుమతి కావాలి. ఫైలు పెట్టండి."

ఫైలు పెట్టింది. అది మంత్రిగారి వస్తువులకి సంబంధించింది కాబట్టి భద్రతా విభాగానికి వెళ్లింది. భద్రతా విభాగం వాళ్లు అందులో కంప్యూటర్ అన్న మాట చూసి సాంకేతిక విభాగానికి పంపారు. సాంకేతిక విభాగం అంటే ఇంజనీరమ్మే. ఆమె సంతకం చేసి మళ్లీ పైకి పంపింది.

ఈలోగా బయటినుంచి కన్సల్టెంటుని పిలిపించారు. ఆయన సూటు వేసుకుని సర్వర్ గదిలోకి వచ్చి, "ఇది కంపాటిబిలిటీ ఇష్యూ, పాతకీ కొత్తకీ పొసగడంలేదు," అన్నాడు. ఇంజనీరమ్మ కరెంటు సంగతి ఎత్తితే చిన్నగా నవ్వి, "మేడమ్, మీరింకా ప్లగ్గుల కాలంలోనే ఉన్నారు," అని మెమరీ సెట్టింగు ఒకటి మార్చమని కాగితం మీద రాసిచ్చాడు. చల్లబడి ఉన్న సర్వర్‌లో సెట్టింగు ఎలా మార్చాలని ఆమె అడగబోతుండగానే గుయ్యిమంటూ ఫ్యాన్లు తిరిగాయి. సర్వర్ లేచింది. ఎవరూ దాన్ని వేలితో కూడా తాకలేదు.

"సెల్ఫ్ హీలింగ్!" అన్నాడు కన్సల్టెంటు. అందరికంటే ముందు తానే ఆశ్చర్యపోయి, అందరికంటే ముందు తానే తేరుకున్నాడు. మర్నాడు పత్రికల్లో 'తన రోగం తానే నయం చేసుకుంటున్న సర్వర్, ఆరోగ్యశాఖకే గర్వకారణం' అని వచ్చింది.

సర్వర్ పడిపోతే నిజానికి నష్టపోయేది వరసలో పైకొచ్చినవాళ్లు. ఆపరేషన్ తేదీ ఖాయమవుతుండగా మధ్యలో సర్వర్ ఆగిందా, ఆ నమోదు సగంలో రద్దయిపోయేది. మళ్లీ లేచాక ప్రోగ్రాము వాళ్లని కొత్తగా వచ్చినవాళ్లనుకుని వరస చివరికి తోసేది. అలా పైకీ కిందకీ ఊగుతున్నవాళ్లలో ఇంజనీరమ్మ అత్తగారు ఒకరు. ఆవిడకి రెండు కళ్లలోనూ శుక్లాలు. ఒకటి పూర్తిగా ముదిరింది, రెండోది దాని దారిలోనే ఉంది.

ఓ సాయంత్రం ఇంజనీరమ్మ ఇంటికొచ్చేసరికి అత్తగారు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న వానకోటుతో మాట్లాడుతోంది.

"ఎంతసేపు నిలబడతావు బాబూ, కూర్చో. మా కోడలు వచ్చే వేళయింది."

"అత్తయ్యా, అది కోటు."

"కోటా? అందుకే ఎంత పిలిచినా కుర్చీలో కూర్చోడంలేదు. మర్యాదస్తుడనుకున్నాను." ఆవిడ నవ్వేసి, చేత్తో గోడ తడుముకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. "నా నంబరు ఎక్కడిదాకా వచ్చింది అమ్మాయ్?"

"పొద్దున పైనే ఉంది అత్తయ్యా. మధ్యాహ్నం మళ్లీ..."

"దిగిందా? దిగనీ. ఎక్కడికి పోతుంది, మన కంప్యూటరేగా!"

ఇంజనీరమ్మ భర్త కూరగాయల సంచీ దింపుతూ, "పోనీ నువ్వే ఆ డేటాబేస్‌లో అమ్మ పేరు పైకి జరిపెయ్యకూడదూ? నీ చేతిలో పనే కదా," అన్నాడు.

"నోరు ముయ్యరా," అంది తల్లి. "నాకంటే ముందున్నవాళ్లకీ కళ్లేగా ఉన్నవి. వీధి వీధంతా చెప్పాను, మా కోడలి మిషను నన్ను పేరు పెట్టి పిలుస్తుంది, అప్పుడే వెళతానని. దొడ్డిదారిన వెళితే నా పరువేం కాను?" తర్వాత కోడలి చెయ్యి వెతుక్కుని పట్టుకుని, గొంతు తగ్గించి అంది. "కాకపోతే కాస్త తొందరగా పిలవమను. నిన్న అద్దంలో ఎవరో ముసలావిడ ఉంటే పక్కింటావిడేమో అనుకున్నాను."

ఇంజనీరమ్మకి ఆ రాత్రి అన్నం సయించలేదు. ఇంత చదువూ చదివి, తన మిషను తన ఇంట్లో మనిషినే చీకట్లోకి నెడుతుంటే చూస్తూ ఊరుకున్నానని ఆమెకి దుఃఖం వచ్చింది.

సర్వర్ పడిపోవడం మరీ మితిమీరేసరికి మంత్రిగారు సమీక్షా సమావేశం పెట్టారు.

"ఎర్రర్ ఏమంటోంది?" అని అడిగారు.

"ఏమీ అనడంలేదు సార్. చెప్పకుండా పోతోంది," అంది ఇంజనీరమ్మ.

"రాజీనామా కూడా ఇవ్వకుండానా?"

"అవున్సార్."

"పాత వెర్షన్ ఇలా పడిపోయేదా?"

"లేదు సార్. కొంచెం నెమ్మదిగా నడిచేది, అంతే."

"అది ఎవరి హయాంలో పెట్టింది?"

"వెనకటి ప్రభుత్వం సార్," అన్నారు పి.ఎ.గారు.

"అదీ సంగతి. పరుగెత్తనివాళ్లు పడరు. మనం పరుగెత్తుతున్నాం కాబట్టి పడుతున్నాం. రాసుకోండి, ఇది ప్రసంగంలో పనికొస్తుంది."

ఇంజనీరమ్మ ధైర్యం చేసి అసలు మాట చెప్పింది. "కారణం దొరికేదాకా పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్దాం సార్. రోగులు ఇబ్బంది పడుతున్నారు."

పి.ఎ.గారు కళ్లు మూసుకున్నారు.

"వెనక్కా?" అన్నారు మంత్రిగారు బాధగా. "మన పార్టీ నినాదం ఏమిటమ్మా?"

"ముందుకే, సార్."

"మరి?"

చివరికి తీర్మానం చేశారు. ఇంకొక్కసారి సర్వర్ పడితే బాధ్యత ఇంజనీరమ్మదే, అక్కడికక్కడే సస్పెన్షను. సెల్ఫ్ హీలింగ్ చేసినందుకు కన్సల్టెంటుకి ప్రశంసాపత్రం ఇవ్వాలని కూడా అదే కాగితంలో రాశారు.

ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టడానికి ఇంజనీరమ్మ చాంబర్‌కి వెళ్లేసరికి అక్కడ ఓ ప్రతినిధి బృందం ఉంది. మంత్రిగారిని చూడటానికి వచ్చినవాళ్లంతా ఆ చారిత్రాత్మక బటన్ పక్కన నిలబడి, దాని మీద చెయ్యి వేసి ఫొటో దిగి వెళ్లడం కొన్నాళ్లుగా ఆనవాయితీ అయింది. బృందనాయకుడు గడ్డం సవరించుకుని, ఛాతీ విరిచి, బటన్ నొక్కాడు. ఫ్లాష్ మెరిసింది. ఇంజనీరమ్మ ఫోను మోగింది.

"మేడమ్, పోయింది," అన్నాడు సర్వర్ గదిలోంచి ఆపరేటరు.

ఆమె బటన్ వైపు చూసింది. దిమ్మ కిందనుంచి కార్పెట్ అంచు వెంట పాకుతూ, గోడకున్న రంధ్రంలోకి దిగిపోయిన తీగ వైపు చూసింది. మంత్రిగారి చాంబర్ కింది అంతస్తే సర్వర్ గది. ఈలోగా రెండో బృందం లోపలికొచ్చింది. వాళ్ల నాయకురాలు బటన్ నొక్కింది.

"మేడమ్, దానంతటదే లేచింది!" అన్నాడు ఆపరేటరు.

నెలల తరబడి తాను పడ్డ అవస్థంతా ఆమెకి ఒక్కసారిగా అర్థమైపోయింది. బృందాల లెక్క బేసిసంఖ్యకి రాగానే సర్వర్ పడుకునేది, సరిసంఖ్యకి రాగానే లేచేది. పి.ఎ.గారిని పక్కకి పిలిచి చెప్పింది. ఆయన చుట్టూ ఒకసారి చూశారు.

"ఎవరికైనా చెప్పారా?"

"మీకే ముందు."

"మీకు పుణ్యం ఉంటుంది మేడమ్, మర్చిపోండి. మంత్రిగారి బటన్ వల్ల ప్రజలకి నష్టమని ఎలా రాస్తాం? తప్పు సర్వర్ మీదకి తోద్దాం. దానికి పెళ్లాం పిల్లలు లేరు."

కానీ వానకోటుని కూర్చోమన్న అత్తగారు ఇంజనీరమ్మ కళ్లముందు మెదిలింది. ఆమె తిన్నగా మంత్రిగారి బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"సార్, ఒకసారి బటన్ నొక్కుతారా?"

ఆయన నొక్కారు. ఆమె ఫోను స్పీకరులో పెట్టింది. "పోయింది మేడమ్," అని వినబడింది.

"ఇంకోసారి సార్."

నొక్కారు. "వచ్చింది మేడమ్!"

మంత్రిగారు ఈసారి ఎవరూ అడక్కుండానే నొక్కారు. పోయింది. నొక్కారు. వచ్చింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నేళ్ల రాజకీయ జీవితంలో ఎన్ని శంకుస్థాపనలు చేశానమ్మా," అన్నారు గద్గదంగా. "ఒక్క రాయి కూడా లేవలేదు. ఇవాళ మొదటిసారి, నేను నొక్కితే పని జరిగింది." మళ్లీ నొక్కారు. కింద ఆపరేటరు ఏడుపు గొంతుతో ఏదో అంటున్నాడు. అక్కడే ఉన్న కన్సల్టెంటు మాత్రం, "కంగారుపడకు, హీల్ అవుతోంది," అని అతన్ని ఓదారుస్తున్నాడు.

ఆపకపోతే రోగుల వివరాలుండే డిస్కు కూడా దక్కదని ఇంజనీరమ్మకి తెలుసు. ఎర్రర్లనైతే తిన్నగా సర్దుతుందిగానీ, మంత్రుల్ని సర్దడం ఆమెకి అలవాటు లేదు. అయినా ఆ క్షణాన నోటికి ఎక్కడినుంచో ఓ మాట వచ్చింది.

"సార్, ఇంత శక్తిగల బటన్ ఓ గదిలో మూల పడి ఉండటం అన్యాయం. ఇది సర్వర్ లాంటి ప్రాణం లేని వస్తువుకి కాదు సార్. ప్రజల మధ్య ఉండాలి."

బటన్ ఏ ప్రదర్శనశాలలోనో అద్దాల పెట్టెలోకి పోతుందని ఆమె ఊహ. మంత్రిగారు చాలాసేపు కిటికీలోంచి ప్రజల వైపు చూశారు. "ఇంతమంది సలహాదార్లున్నారు, ఒక్కడికీ ఈ మాట తట్టలేదు," అని పి.ఎ.ని చూసి, "తీయించండి," అన్నారు.

ఆ సాయంత్రమే డబ్బా ఊడింది, తీగ ఊడింది. సస్పెన్షన్ ఉత్తర్వు చెత్తబుట్టలోకి పోయింది. సర్వర్ ఆ తర్వాత కిక్కురుమనలేదు. నంబర్లు వరసగా, మర్యాదగా కదిలాయి. ఓ ఉదయం అత్తగారి ఫోనుకి సందేశం వచ్చింది. ఆవిడకి చదవడానికి కుదరక, దాన్ని చేత్తో పట్టుకుని వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి చదివించుకుంది. అన్ని ఇళ్లలోనూ ఒకే మాట ఉందని రూఢి అయ్యాక కోడలికి చెప్పింది. "చూశావా, పేరు పెట్టి పిలిచింది. 'గారు' కూడా పెట్టింది." ఇంజనీరమ్మ వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది. ఉద్యోగంలో చేరాక ఆమెకి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆపరేషన్ రోజున ఆస్పత్రి ముందు జెండాలు కట్టి ఉన్నాయి. కొత్త కంటి ఆపరేషన్ థియేటర్‌ని మంత్రిగారు ఆ రోజే ప్రారంభిస్తున్నారనీ, వరసలో మొదటి నంబరుగా ఉన్న పెద్దావిడకే తొలి ఆపరేషననీ గుమ్మంలో చెప్పారు. అత్తగారిని అప్పటికే లోపలికి తీసుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టారు. కంటికి మాత్రమే మత్తు కాబట్టి ఆవిడ మెలకువగానే ఉండి, "నా ఫొటో కూడా వస్తుందా బాబూ?" అని అడుగుతోందట. బంధువులూ, పత్రికలవాళ్లూ చూడటానికి గోడంత మందపాటి అద్దం ఒకటి పెట్టారు. ఇంజనీరమ్మ జనాన్ని తోసుకుంటూ అద్దం దగ్గరికి వెళ్లింది.

ఆపరేషన్ బల్ల పక్కనే పాలరాతి దిమ్మ ఉంది. దాని మీద అరచేయంత ఎర్ర బటన్ ఉంది.

"మీ ఐడియాయే మేడమ్!" అన్నారు పి.ఎ.గారు వెనకనుంచి ఆప్యాయంగా. "ప్రజల మధ్య!"

డెకరేషన్ కాంట్రాక్టరు కూడా ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. "ఈసారి గట్టిగా చేశాను మేడమ్. పైన దీపాలు, డాక్టరుగారు చూసే ఆ యంత్రం, అన్నీ దీని మీదే."

"బ్యాటరీ?" అంది ఇంజనీరమ్మ. "కరెంటు పోతే అందుకునే బ్యాటరీ?"

"అదీ దీని ద్వారానే. నిజమైన బటన్ కావాలన్నారుగా."

ఆమె పి.ఎ. చెయ్యి పట్టుకుంది. ఆయన నింపాదిగా, "కంగారెందుకు మేడమ్, ఒక్కసారేగా నొక్కేది. నొక్కితే వెలుగుతుంది. అంతేగా?" అన్నారు. అంతే. ఒక్కసారైతే అంతే. ఆమె ఆయన చెయ్యి వదిలేసింది.

మంత్రిగారు ముఖానికి మాస్కు కట్టుకుని, అది ఫొటోకి అడ్డమని మళ్లీ గడ్డం కిందకి లాక్కుని, బటన్ నొక్కారు. పెద్ద దీపం వెలిగింది. అద్దం బయట చప్పట్లు మోగాయి. డాక్టరుగారు యంత్రంలో కళ్లు పెట్టి, సన్నటి కత్తి అందుకుని, అత్తగారి కంటి మీదకి వంగారు. ఆయన చెయ్యి దిగింది.

ఫొటోగ్రాఫరు కెమెరా తిప్పి ఫొటో చూసుకుని, మంత్రిగారి చెవి దగ్గరికి వెళ్లాడు. లోపలి మాటలు బయటికి వినిపించడానికి మైకు పెట్టారు కాబట్టి అందరికీ వినబడింది.

"సారీ సార్, కళ్లు మూసుకున్నారు. ఇంకొక్కసారి."

ఇంజనీరమ్మ రెండు చేతులతో అద్దం మీద బాదింది. "వద్దు సార్! ముట్టుకోకండి! సార్!" అని అరిచింది. మైకు లోపలినుంచి బయటికే పనిచేస్తుంది. అద్దం వెనక ఎవరో మహిళ చేతులు ఊపుతూ తనని పిలవడం మంత్రిగారు గమనించారు. ప్రజాభిమానాన్ని ఏనాడూ చిన్నచూపు చూసిన మనిషి కాదాయన. ఆమె వైపు తిరిగి, కళ్లు బాగా తెరిచి, నిండుగా నవ్వి, ఎడమ చెయ్యి ఊపారు. కుడి చెయ్యి బటన్ మీద ఉంది.